చెక్క నేల పని డైరీ: తేమ తేలాకే పలక

ఏ గదులు, ఏ షరతులు

హాలు, దానికి ఆనుకుని ఉన్న చదువుకునే గది. చెక్క నేల ఈ రెండింటికే. రెండూ కలిపి 35 చదరపు మీటర్లు. వంటగది, స్నానాలగదుల జోలికి పోవడం లేదు. రోజూ నీళ్లు ఒలికే చోట చెక్క పరచడం ఆ చెక్కకే అన్యాయం. ఇల్లు ఆరో అంతస్తులో ఉంది. కింద ఒక కుటుంబం, పైన ఒక కుటుంబం, గోడకు అవతల మరో కుటుంబం. విడిగా ఉన్న ఇంట్లో అయితే ఆలోచించనక్కర్లేని సంగతులు ఇక్కడ మొదటి పేజీలోనే రాసుకోవలసి వచ్చింది. ఎంత పొడవు పలక లిఫ్టులో పడుతుంది? రంపం ఏ గదిలో పెట్టుకోవాలి? ఏ వేళల్లో చప్పుడు చేయవచ్చు? మన నడక కింది ఇంటివాళ్లకు ఎంత వినిపిస్తుంది?

చెక్క నేల గురించి ఎవరిని అడిగినా మాట రంగుతో మొదలవుతుంది. లేతదా, ముదురుదా, నున్నటిదా, గరుకుదా అని. రంగు నాకూ ముఖ్యమే. కానీ గత కొన్ని నెలలుగా చదివి, అడిగి, చూసి వచ్చాక నాకు గట్టిగా కుదిరిన అభిప్రాయం వేరు: చెక్క నేల బాగుంటుందా, పాడవుతుందా అన్నది చాలావరకు తేమే తేలుస్తుంది. గాలిలో తేమ, స్లాబ్‌లో తేమ, పలకలో తేమ. ఈ మూడూ ఒకదానికొకటి సరిపడినప్పుడు మాత్రమే జిగురు డబ్బా మూత తీస్తాను. అందుకే ఈ డైరీలో రంగు కంటే తేమ అంకెలే ఎక్కువ కనిపిస్తాయి.

ఏ కలప

దుకాణాల్లో ముందుగా చేతిలో పెట్టేది గట్టిదనం పట్టిక. దానికి మూలం 1906లో ఆస్ట్రియా పరిశోధకుడు గాబ్రియేల్ యాంకా రూపొందించిన పరీక్ష. 11.28 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న ఉక్కు గుండును చెక్కలోకి సరిగ్గా సగం దిగేదాకా నొక్కి, దానికి ఎంత బలం పట్టిందో కొలుస్తారు. ఆ లెక్కలో ఎర్ర ఓక్ 1,290 పౌండ్లు, తెల్ల ఓక్ 1,360, మేపుల్ 1,450, హికరీ 1,820. నల్ల వాల్‌నట్ 1,010. టేకు కూడా వెయ్యికి కాస్త అటూ ఇటూ. దక్షిణ అమెరికా కలప ఇపే మూడున్నర వేలు దాటుతుంది.

ఈ పట్టిక చూడగానే ఎక్కువ అంకె ఉన్నది తెచ్చేయాలనిపిస్తుంది. కానీ యాంకా అంకె చెప్పేది ఒక్కటే: కుర్చీ కాలు నొక్కితే ఎంత గుంట పడుతుందన్నది. పలక ఉబ్బుతుందా, కుంచించుకుపోతుందా అన్నది అది చెప్పదు. దానికి వేరే అంకె ఉంది. చెక్కలో తేమ ఒక శాతం మారితే పలక వెడల్పు ఎంత మారుతుందన్న గుణకం. మామూలుగా కోసిన తెల్ల ఓక్ పలకకు అది సుమారు 0.37 శాతం. హికరీకి 0.41. టేకుకు 0.19 లోపే. గట్టిదనంలో వెనకబడిన టేకు, నిలకడలో ఓక్‌కు దాదాపు రెట్టింపు మెరుగన్నమాట. గాలిలో తేమ ఏడాది పొడవునా పెరుగుతూ తగ్గుతూ ఉండే ఇంటికి ఈ రెండో పట్టికే పనికొస్తుంది. చిత్రమేమిటంటే నేను తిరిగిన ఏ దుకాణంలోనూ ఇది గోడకు కనిపించలేదు.

మా హాలు వెడల్పు 4.2 మీటర్లు. 130 మిల్లీమీటర్ల నిండు ఓక్ పలకలు పరిచామనుకుందాం. పొడి నెలల నుంచి తేమ నెలలకు వచ్చేసరికి చెక్కలో తేమ నాలుగు శాతం పెరిగితే ఒక్కో పలక దాదాపు 1.9 మిల్లీమీటర్లు వెడల్పవుతుంది. అలాంటివి 32 వరసలు. ఎక్కడా అడ్డు లేకపోతే మొత్తం ఆరు సెంటీమీటర్లు. నిజానికి మేకులు, జిగురు, పక్క పలకల ఒత్తిడి దాన్ని కొంత ఆపుతాయి. అయినా ఆ బలం ఎక్కడికీ పోదు. నేలను పైకి ఎత్తడానికో, కీళ్లను నలపడానికో వాడుకుంటుంది.

దుంగను కోసే తీరు కూడా ఈ లెక్కను మారుస్తుంది. వార్షిక వలయాలు పలక ముఖానికి నిలువుగా వచ్చేలా కోసిన ఓక్‌లో ఈ కదలిక సగానికి తగ్గుతుంది. కారణం కలప నిర్మాణంలోనే ఉంది. వలయాల వెంబడి జరిగే కుంచింపు, వలయాలకు అడ్డంగా జరిగే కుంచింపు కంటే ఇంచుమించు రెట్టింపు. పొడవునా మాత్రం లెక్కలోకి రానంత తక్కువ. అందుకే చెక్క నేలలో గొడవంతా వెడల్పులోనే.

ఇపే చూశాను. అందంగా ఉంది, రాయిలా గట్టిగా ఉంది. కానీ 2024 నవంబరు నుంచి ఆ జాతులు, ముప్పులో ఉన్న జీవజాతుల వ్యాపారాన్ని నియంత్రించే సైటీస్ ఒప్పందం రెండో అనుబంధంలో ఉన్నాయి. దేశాల మధ్య వ్యాపారానికి అనుమతి పత్రాలు కావాలి. అడవిలో తరిగిపోతున్న చెట్టును నా కాళ్ల కింద వేసుకోవడానికి మనసొప్పలేదు. వద్దనుకున్నాను.

చివరికి తెల్ల ఓక్‌కే వచ్చాం. టేకు మీద నాకు మక్కువ ఎక్కువే. కానీ అడవి నుంచి దుకాణం దాకా పత్రాలు సరిగా ఉన్న టేకు పలకలు మాకు కావలసిన మందంలో దొరకలేదు. తెల్ల ఓక్‌లో నన్ను ఒప్పించిన గుణం దాని చేవలో, అంటే మాను లోపలి గట్టి భాగంలో ఉంది. చేవ రంధ్రాలు సూక్ష్మమైన పొరలతో మూసుకుపోయి ఉంటాయి. ఎర్ర ఓక్ చిన్న ముక్కను ఒక చివర నోట పెట్టి ఊదితే గాలి రెండో చివర బయటికొస్తుంది. తెల్ల ఓక్‌లో రాదు. పీపాలు తెల్ల ఓక్‌తో చేసేది అందుకే. నేల మీద నీటి చుక్క పడితే తుడిచేలోపు లోపలికి దిగకుండా ఉండటానికి ఆ గుణం కొంత సాయపడుతుంది.

నిండు చెక్కా, పొరల పలకా

ఇంట్లో వాదన జరిగింది ఇక్కడే. మా నాన్నగారు నిండు చెక్కే చెక్క అంటారు. ప్లైవుడ్ మీద ఓక్ పొర అతికించిన ఇంజినీర్డ్ పలక ఆయన దృష్టిలో నకిలీ. “అరగదీస్తే రెండోసారికి కింద ప్లైవుడ్ బయటపడుతుంది” అన్నారు.

పలక అంచు చూపించి లెక్క చెప్పాను. 19 మిల్లీమీటర్ల నిండు పలకలో కూడా అరగదీయడానికి పనికొచ్చేది నాలుక (పక్క పలక గాడిలోకి దూరే అంచు) పైనున్న భాగమే. అది దాదాపు ఆరు మిల్లీమీటర్లు. దాని కిందికి దిగితే గాడి బయటపడుతుంది. మేం ఎంచుకున్న 15 మిల్లీమీటర్ల పలకలో పై ఓక్ పొర 4 మిల్లీమీటర్లు. ఒకసారి పూర్తిగా అరగదీస్తే పోయేది అరమిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు. అంటే తేడా ఆయన అనుకున్నంత లేదు. అయితే 0.6 మిల్లీమీటర్ల పొర ఉన్న పలకలు కూడా ఇదే పేరుతో అమ్ముతున్నారు. వాటి విషయంలో నాన్నగారి మాట అక్షరాలా నిజం. అవి అరగదీయడానికి ఏమాత్రం పనికిరావు. కొనేటప్పుడు మొత్తం మందం కాదు, పై పొర మందం అడగాలి.

పొరల పలక లోపల ప్లై పొరలు ఒకదానికొకటి అడ్డంగా ఉంటాయి. ఒక పొర వెడల్పులో సాగబోతే దాని పక్క పొర పొడవు దిశలో పట్టి ఆపుతుంది. కాంక్రీటు స్లాబ్ మీద నేరుగా జిగురుతో అతికించాలంటే ఈ నిలకడ చాలా అవసరం. పైగా పొడవు 1.9 మీటర్లే కాబట్టి లిఫ్టులో ఏటవాలుగా నిలబెడితే తలుపు మూసుకుంటుంది. ఫార్మాల్డిహైడ్ సంగతి కూడా చూశాను. ప్లైవుడ్ జిగురులోంచి వచ్చే ఆ వాయువుకు పరిమితులు ఉన్నాయి. పెట్టె మీద ఆ పరిమితికి లోబడినట్టు ముద్ర లేని పలకలను చూడటం కూడా మానేశాను.

నాన్నగారు మొత్తం విని, “సరే, జిగురు మాత్రం మంచిది కొను” అన్నారు. అంటే ఒప్పుకున్నట్టే.

స్లాబ్ పరీక్ష

పాత టైల్స్, వాటి కింది మసాలా తీయించాం. కింద సిమెంటు చదును బయటపడింది. చేత్తో తాకితే పొడిగానే ఉంది. చేతికి తెలిసేది పైపై తేమే. జిగురుకు, చెక్కకు పైకి వచ్చేది లోపల ఉన్న తేమ. పలక పరిచి పైనుంచి మూసేశాక ఆ లోపలి తేమ స్లాబ్ అంతటా సర్దుకుని పైకి చేరుతుంది. అందుకే లోపలే కొలవాలి.

పద్ధతి ఇది. స్లాబ్‌లో డ్రిల్లుతో చిన్న రంధ్రం వేసి, దుమ్ము శుభ్రంగా తీసి, గొట్టం దింపి పైన బిగించి మూసేస్తారు. 24 గంటలు ఆగి లోపల సెన్సర్‌తో సాపేక్ష తేమ (గాలి పట్టగలిగిన తేమలో ఎంత శాతం ఉందన్నది) చదువుతారు. రంధ్రం లోతు ఇష్టం వచ్చినంత కాదు. నేల మీద పోసిన స్లాబ్ పైవైపు నుంచే ఆరుతుంది. దానికి మందంలో 40 శాతం లోతు. మా స్లాబ్‌లా కిందా పైనా గాలి తగిలేదానికి 20 శాతం. కింది ఇంటి సీలింగ్‌లో కరెంటు గొట్టాలు ఎటు పోయాయో ముందు తెలుసుకుని, వాటికి దూరంగా రంధ్రాలు వేయించాం.

హాలు మధ్యలో 71 శాతం. కిటికీ దగ్గర 68. చదువుకునే గదిలో 73. స్నానాలగది గోడకు ఆనుకున్న మూలలో 89.

కొన్న జిగురుకు పరిమితి 80. ఆ మూల ఒక్కటీ వదిలేసి మిగతాది మొదలెట్టేద్దామని పనివాళ్లలో ఒకరు అన్నారు. నేను ఒప్పుకోలేదు. తేమ ఎంతుందన్నది కాదు ప్రశ్న, ఎక్కడి నుంచి వస్తోందన్నది. అన్నిచోట్లా ఎండిన స్లాబ్‌లో ఒక్క మూల తడిగా ఉందంటే దానికి ఎవరో నీళ్లు పోస్తున్నారు. ప్లంబర్‌ను పిలిచి స్నానాలగది నీళ్లు పోయే జాలీ చుట్టూ విప్పించాం. జాలీకీ టైల్‌కీ మధ్య సీలు పూర్తిగా చితికిపోయి ఉంది. స్నానం చేసిన ప్రతిసారీ కొన్ని నీళ్లు ఆ సందులోంచి గోడ కిందుగా హాలు వైపు పాకుతున్నాయి. ఎంతకాలంగానో తెలియదు. టైల్స్ ఉన్నన్నాళ్లూ అది కనిపించలేదు. ఓక్ పలక అయితే కొన్ని వారాల్లోనే అంచులు పైకి లేపి చూపించేది.

జాలీ చుట్టూ నీరు దిగని పూత వేయించి, కొత్త సీలు పెట్టించి, అక్కడ నీళ్లు నిలబెట్టి పరీక్షించి, ఇక ఎదురుచూపు. కాంక్రీటుకు తొందర ఉండదు. ఫ్యాను పెట్టాం, తేమ లాగే యంత్రం అద్దెకు తెచ్చాం. వేడి గాలి మాత్రం కొట్టలేదు. పై పొరను ఎండబెట్టి లోపలి తేమను దాచిపెడుతుంది. కొలత 89 నుంచి 86కి, 83కి దిగింది. 78కి వచ్చాక కూడా ఇంకొన్ని రోజులు ఆగి మళ్లీ కొలిచాం. 76. అప్పుడు సిమెంటు వైపు పని మొదలుపెట్టమన్నాను.

చదును

మూడు మీటర్ల నిటారు పట్టీని నేల మీద అన్ని దిక్కులా తిప్పాం. ఆ పొడవులో ఐదు మిల్లీమీటర్లకు మించిన ఎత్తుపల్లం ఉండకూడదు. హాలు మధ్యలో ఒక ఉబ్బు, తలుపు దగ్గర ఒక పల్లం. ఇక్కడ రసమట్టంతో పని లేదు. నేల ఒకవైపు కాస్త వాలి ఉన్నా పలకకు ఇబ్బంది లేదు, గుంటలు మిట్టలు లేకుండా ఉంటే చాలు. గుంట మీద పడిన పలక కింద జిగురు అందక బోలుగా మోగుతుంది.

ఉబ్బును గ్రైండర్‌తో దించాం. కాంక్రీటు ధూళిలో స్ఫటిక సిలికా ఉంటుంది; అది క్యాన్సర్ కారకమని 1997లోనే అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ తేల్చింది. గ్రైండర్‌కు వ్యాక్యూమ్ తగిలించాం, మాస్కులు పెట్టుకున్నాం, గది తలుపును ప్లాస్టిక్‌తో మూశాం. పల్లంలో ప్రైమర్ పూసి, తనంతట తానే పరుచుకునే సిమెంటు మిశ్రమం పోశాం. అందులోనూ నీళ్లే కాబట్టి మళ్లీ ఆరబెట్టాం, మళ్లీ కొలిచాం.

అడుగుల చప్పుడు

పని మొదలవుతుందని చెప్పడానికి కింది ఇంటికి వెళ్లాను. ఆ ఇంటి పెద్దావిడ అడిగిన మొదటి ప్రశ్న పని శబ్దం గురించి కాదు.

“పని అయిపోయాక మీరు నడిచినప్పుడల్లా మాకు టకటకమంటుందా బాబూ?”

“అలా కాకుండా ఉండటానికే కింద మెత్త వేస్తున్నామండీ” అని చెప్పి, సంచిలో ఉన్న కార్క్ ముక్క ఆమె చేతిలో పెట్టాను.

మాటల శబ్దం గాలిలో ప్రయాణిస్తుంది. దాన్ని ఆపడానికి స్లాబ్ బరువే చాలు. అడుగు చప్పుడు వేరు. మడమ నేలను తాకగానే స్లాబే కంపించి కింది గదిలో పలుకుతుంది. దాన్ని ఆపాలంటే పలకకూ స్లాబ్‌కూ మధ్య మెత్తటిది ఉండాలి. రబ్బరా, కార్కా అని చూసి 6 మిల్లీమీటర్ల కార్క్ తీసుకున్నాం. ముందు కార్క్‌ను స్లాబ్‌కు అతికించి, తర్వాత పలకను కార్క్‌కు అతికించడం. గోడ అంచుల్లో కూడా సన్నటి కార్క్ పట్టీ నిలబెట్టాం. పలక ఎక్కడైనా గోడను నేరుగా తాకితే కంపనం అటునుంచి దిగిపోతుంది. ఇంకో సంగతి నాకు ఇష్టమైనది: కార్క్ కూడా ఒక రకం ఓక్ చెట్టు బెరడే. చెట్టును కొట్టకుండా సుమారు తొమ్మిదేళ్లకోసారి బెరడు మాత్రం వలుస్తారు, అది మళ్లీ పెరుగుతుంది.

పలకలు వచ్చాయి

తరుగుకు పది శాతం కలిపి తెప్పించాం. చదరపు మీటరుకు పది కిలోల పైన తూగుతున్నాయి. మొత్తం 400 కిలోలకు అటూ ఇటూ. అంతా ఒకేచోట పేర్చకుండా గోడల వెంబడి విడివిడిగా పెట్టించాను.

పెట్టెలన్నింటిలోంచీ కొన్ని పలకలు తీసి తేమ మీటరు సూదులు గుచ్చాం. 8 నుంచి 9 శాతం మధ్య ఉన్నాయి. గదిలో గాలి తేమ 52 శాతం. ఆ గాలిలో చెక్క చివరికి నిలిచే తేమ తొమ్మిదిన్నర శాతం ప్రాంతం. 30 శాతం తేమ ఉన్న పొడి గాలిలో అయితే ఆరు శాతానికి దిగుతుంది, 80 శాతంలో పదహారుకు ఎక్కుతుంది. పలకా గదీ ఇప్పటికే దగ్గరగా ఉన్నాయి. పెట్టెలు మూసే ఉంచి కొన్ని రోజులు గది ఉష్ణోగ్రతకు అలవాటు పడనిచ్చాం. నిండు చెక్క అయితే పెట్టెలు విప్పి, మధ్యలో పుల్లలు పెట్టి, గాలి ఆడేలా పేర్చాల్సి వచ్చేది.

ఊరికే “ఇన్ని రోజులు ఉంచండి” అని చెప్పే సలహాను నేను నమ్మను. గది తేమే తప్పుగా ఉంటే అందులో ఎన్ని రోజులు ఉంచినా పలక తప్పు తేమకే అలవాటు పడుతుంది. రోజులు కాదు, మీటరు చూడాలి.

పొడి పరుపు

కిటికీ నుంచి వచ్చే వెలుతురు వెంబడి వరసలు నడిపించాలని నిర్ణయం. అడ్డంగా వేస్తే ప్రతి కీలు మీదా చిన్న నీడ పడి, లేని ఎత్తుపల్లాలు కూడా కనిపిస్తాయి. అదృష్టవశాత్తూ హాలు పొడవు కూడా అదే దిశ.

వడ్రంగి మేస్త్రి వచ్చి ముందు గోడల వంకర కొలిచారు. 1.8, 2.4, 3 మీటర్ల త్రికోణంతో మూలమట్టం చూశారు. ఒక గోడ ఈ చివర నుంచి ఆ చివరకు 14 మిల్లీమీటర్లు తప్పింది. “గోడను నమ్ముకుని మొదలెడితే ఆ వంకర ప్రతి వరసా మోస్తుందండీ” అని, గదికి సుద్ద దారం కొట్టి దాన్నే మొదటి గీతగా పెట్టుకున్నారు. తప్పిన తేడాను రెండు గోడల వైపూ సగం సగం పంచారు. స్కర్టింగ్ కింద అది కనిపించదు.

తర్వాత జిగురు లేకుండా పరచడం. నాలుగైదు పెట్టెలు ఒకేసారి విప్పి కలిపాం. ఒకే పెట్టెలోవి వరసగా వేస్తే రంగు మచ్చలుగా తేలుతుంది. పక్క వరసల చివరి కీళ్ల మధ్య కనీసం 25 సెంటీమీటర్ల ఎడం ఉండాలి. ఒక వరస విడిచి ఒక వరసలో కీళ్లు ఒకే గీత మీదికి రాకూడదు, మెట్లలా కూడా పడకూడదు. ముడులు ఎక్కువున్న పలకలు సోఫా కిందికి, చక్కటి నార ఉన్నవి నడిచే దారిలోకి. ఈ పని నేనూ మేస్త్రీ కలిసి తీరిగ్గా చేశాం. పని మొత్తంలో నాకు చాలా ఇష్టమైన భాగం ఇదే. ప్రతి పలకనూ వెలుతురులో తిప్పి చూస్తే చెట్టు ఏ ఏడు బాగా పెరిగిందో, ఏ ఏడు తక్కువ పెరిగిందో వలయాల దూరంలో కనిపిస్తుంది.

జిగురు

నీళ్లు లేని, గాలిలోని తేమతో గట్టిపడే సాగే రకం జిగురు. నీళ్లు కలిసిన జిగురు పలక అడుగును తడిపి వంచుతుంది. పళ్ల తాపీతో పరిచి, ఆ పళ్ల గీతలు నలిగేలా పలకను ఒత్తి, నాలుకను గాడిలోకి దూర్చాలి. ఒక్కసారి పరిచే జిగురు అరగంటలో పూర్తిచేయగలిగినంతే. పైన పొర కట్టాక పలక పెడితే అతుక్కున్నట్టే ఉంటుంది కానీ పట్టు ఉండదు.

మొదటి మూడు వరసలు సుద్ద గీత మీద పెట్టి, కదలకుండా పట్టీ బిగించి, గట్టిపడేదాకా వదిలేశాం. మిగతా నేలంతా వాటికి ఆని నడుస్తుంది కాబట్టి అవి జరిగితే అన్నీ జరుగుతాయి. మర్నాటి నుంచి వేగం పెరిగింది. మధ్యమధ్యలో అప్పుడే పెట్టిన పలకను మేస్త్రి మళ్లీ లేపి వెనక చూసేవారు. అడుగంతా జిగురు అంటితే సరి. గీతలు గీతలుగా అంటితే ఆ చోట నేల పల్లంగా ఉందని అర్థం, ఇంకాస్త జిగురు. కొద్దిగా మధ్య ఉబ్బిన పలకల మీద పెయింటు డబ్బాలు బరువుగా పెట్టాం. మరీ వంకరగా ఉన్నవాటిని పక్కన పెట్టి, గోడల దగ్గర పొట్టి ముక్కలకు కోసి వాడాం.

పలక ముఖం మీద అంటిన జిగురును అప్పటికప్పుడే తుడవాలి. మాది ఇంకా పూత వేయని చెక్క కాబట్టి ఇంకా జాగ్రత్త. రంధ్రాల్లోకి దిగిన జిగురు తర్వాత నూనెను పట్టనివ్వదు, అక్కడ లేత మచ్చ నిలిచిపోతుంది.

కోత అంతా చదువుకునే గదిలో, వ్యాక్యూమ్ తగిలించిన రంపంతో. చెక్క పొట్టు కూడా ఊపిరితిత్తులకు మంచిది కాదు. 1995లో అదే క్యాన్సర్ పరిశోధన సంస్థ చెక్క ధూళిని కూడా క్యాన్సర్ కారకాల మొదటి తరగతిలో చేర్చింది.

గోడల చుట్టూ 12 మిల్లీమీటర్ల ఖాళీ. ద్వారబంధాల దగ్గర పలకను బంధం ఆకారానికి చెక్కకుండా, బంధం అడుగునే కోసి పలకను లోపలికి దూర్చాం. కార్క్ ముక్క మీద పలక ముక్క పెట్టి, దాని మీద రంపాన్ని పడుకోబెట్టి కోస్తే ఎత్తు సరిగ్గా సరిపోతుంది. చివరి వరస 71 మిల్లీమీటర్లు వచ్చింది. ముందే లెక్కేసుకున్నాం కాబట్టి పుల్లలా సన్నటి ముక్క పెట్టాల్సిన అవసరం రాలేదు.

నూనె

పాలీయురెథేన్ వార్నిష్ గట్టి పొర కడుతుంది, నీటిని బాగా ఆపుతుంది. కానీ ఒక చోట లోతుగా గీసుకుంటే ఆ చోట మాత్రమే బాగుచేయడం కష్టం. గది మొత్తం అరగదీయాలి. కాపురం ఉంటున్న ఫ్లాట్‌లో అది పెద్ద పని. మైనం కలిసిన గట్టి నూనె అలా కాదు. గీత పడిన చోట కాస్త రుద్ది మళ్లీ పూస్తే కలిసిపోతుంది. ఏడాదికో, రెండేళ్లకో నడిచే దారిలో పైపూత వేయాలి, అంతే. నాకు ఆ బేరమే నచ్చింది.

120 నంబరు గరుకు కాగితంతో తేలిగ్గా రుద్ది, ధూళి పూర్తిగా తీసి, పలచగా మొదటి పూత. పలచగా అన్న మాటే ఇందులో కీలకం. చెక్క తాగగా మిగిలింది తుడిచేయాలి, లేకపోతే పైన జిడ్డుగా నిలిచిపోతుంది. ఉక్కు పీచు మాత్రం గుమ్మం దాటనివ్వలేదు. ఓక్‌లోని టానిన్ అనే వగరు పదార్థం, ఇనుము, తడి కలిస్తే నల్ల మచ్చ పడుతుంది. శతాబ్దాల పాటు ఓక్ చెట్టు మీద పురుగుల వల్ల ఏర్పడే మాచికాయలతో, ఇనుప లవణంతో సిరా చేసింది ఈ రసాయన చర్యతోనే.

నూనె తుడిచిన గుడ్డలను ఉండ చుట్టి పడేయకూడదు. ఎండే నూనె గాలిలోని ఆక్సిజన్‌తో కలిసేటప్పుడు వేడి పుడుతుంది. ముద్దగా ఉన్న గుడ్డల్లో ఆ వేడి బయటికి పోలేక నిప్పు దానంతట అదే అంటుకుంటుంది. చుట్టూ ఇళ్లున్న భవనంలో ఇది చిన్న విషయం కాదు. ప్రతి గుడ్డనూ నీళ్లు నింపిన ఇనుప డబ్బాలో వేసి మూత పెట్టాం.

రెండో పూత ఎండాక తివాచీలు పరచలేదు. పూర్తిగా గట్టిపడటానికి వారం పైన పడుతుంది, దానికి గాలి తగలాలి.

ఇప్పటిదాకా

కింది ఇంటి పెద్దావిడ నిన్న మెట్ల దగ్గర కనిపిస్తే అడిగాను. మా ఇంట్లో పిల్లవాడు పరిగెత్తితే వినిపించిందట, నడక వినిపించలేదట. పరుగు చప్పుడుకు తివాచీ కావాలి, అది నూనె గట్టిపడే గడువు ముగిశాక వస్తుంది.

హాల్లో తేమ మీటరు గోడకు తగిలించాను. రోజూ ఉదయం, రాత్రి రాసుకుంటున్నాం. ఇప్పటివరకు 46కు దిగలేదు, 57 దాటలేదు. 60 దాటే రోజుల్లో తేమ లాగే యంత్రం నడుపుతాం. మరీ పొడి నెలల్లో కీళ్ల మధ్య సన్నటి సందులు రావచ్చు, వాటిని పూడ్చకుండా వదిలేయాలి. పూడిస్తే తేమ పెరిగినప్పుడు పలకకు జరిగే చోటు ఉండదు.

మిగిలిన పలకలను ఒకే పెట్టెలోకి చేర్చి, కొన్న తేదీ, నూనె రకం పైన రాసి, మంచం కింద పడుకోబెట్టాం. స్కర్టింగ్‌ను గోడకే బిగించాలి, నేలకు మేకు తగలకూడదు. ఆ పని రేపు. చదువుకునే గది తలుపు అడుగు మూడు మిల్లీమీటర్లు చిత్రిక పట్టాలి. బల్లల కాళ్లకు ఫెల్ట్ ముక్కలు అంటించడం నాన్నగారు తీసుకున్నారు, ఇప్పటికే సగం అయ్యాయి.